ఒకటో తరగతి సీటుకు అమ్మానాన్నల పరీక్ష

2023 జనవరి. అమీర్‌పేటలో మెట్రో దిగి, సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల కింద నుంచి లోపలి గల్లీలోకి తిరిగితే ఒక పాత భవనం మూడో అంతస్తులో మా ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఒక పక్క గదిలో జావా, ఇంకో పక్క గదిలో టెస్టింగ్ టూల్స్, మధ్యలో నా గది. నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. గోడలు ప్లైవుడ్‌వి కాబట్టి నా విద్యార్థులు క్రియాపదాలతో పాటు కొంచెం జావా కూడా వినేవాళ్లు.

నేను కాన్వెంటులో చదవలేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం సర్కారు బడి, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ. ఇంగ్లిష్ నాకు గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఎవరూ ఎత్తుకుపోకుండా బల్లకు తాడుతో కట్టేసిన నిఘంటువు ముందు కూర్చుని, ఇంగ్లిష్ పేపర్లో సంపాదకీయం వాక్యం వాక్యం విప్పి చదువుకున్నాను. వ్యాకరణం, చరిత్ర, చట్టాలు, ఏది దొరికితే అది చదివాను. ఇప్పటికీ ఆదివారం సగం రోజు అక్కడే. అందుకే, ఇంగ్లిష్ రావాలంటే పెద్ద బడి, పెద్ద గేటు ఉండి తీరాలని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు చెప్పబోయే సంగతి తర్వాత కూడా మండుతూనే ఉంది. కాకపోతే ఎవరి మీద మండాలో తెలిసింది.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగం వెతుక్కునే కుర్రవాళ్లు. మొదట డెమో క్లాస్ ఉంటుంది, అంటే ఫీజు కట్టకముందు రుచి చూపించే పాఠం. ఆ సాయంత్రం డెమో అయిపోయాక అందరూ లేచారు, వెనక బెంచీలో ఒక జంట మాత్రం కదలలేదు. ఇద్దరి మధ్యా ఆరేళ్లు నిండబోతున్న పాప, పెన్సిల్ కొరుకుతూ.

"ఉద్యోగం కోసమా అండి?" అని అడిగాను.

"ఉద్యోగం కాదు మేడం, పాప సీటు కోసం," అంది ఆమె. "మేం అప్లికేషన్ పెట్టిన స్కూల్ల పిల్లకన్న ముందు తల్లిదండ్రులను కూసోబెట్టి ఇంగ్లీషుల అడుగుతరట. పాపకు వద్దు మేడం, మాకు నేర్పుండ్రి."

ఆమె పేరు లావణ్య. సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టి, పెళ్లయ్యాక పంజాగుట్ట వెనక సందుల్లోకి వచ్చింది. ఒకే గది ఇల్లు, అందులోనే కుట్టుమిషన్. చుట్టుపక్కల అపార్టుమెంట్ల వాళ్లకు జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్ వేస్తుంది. భర్త మహేశ్ సోమాజిగూడలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో అటెండర్. రోగుల్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఈ గది నుంచి ఆ గదికి తీసుకెళ్లడం అతని పని. పాప సహస్ర. వాళ్లు దరఖాస్తు చేసింది శ్రీనగర్ కాలనీ వైపున్న ఒక పేరున్న బడిలో ఒకటో తరగతికి.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా వింటున్న మా యజమాని ప్రసాద్ గారి ముఖం వెలిగిపోయింది. ఆయనది గోదావరి వైపు. "ఏంటి మేడం, పేరెంట్స్‌కి కూడా ఇంటర్వ్యూనా! మనకి ఇన్నాళ్లూ తట్టలేదు చూశారా. సెపరేట్ బ్యాచ్ పెట్టేద్దామండి," అన్నారు. నాకు మాత్రం ముందు ఆ జంట మీదే చిరాకు వేసింది. ఇంటి పక్కనే సర్కారు బడి ఉండగా ఈ అవస్థ ఏమిటి?

ఆ మాటే అడిగాను. నేనూ సర్కారు బడిలోనే చదివానని కొంచెం గొప్పగానే చెప్పాను.

లావణ్య నా ముఖంలోకి చూసింది. "మీరు చదివిండ్రు మేడం, కాదంటలేను. అప్పుడు మీ పక్కపొంటి ఎవరు కూసుండేటోళ్లు?"

గుర్తు చేసుకున్నాను. మా లెక్కల సారు కూతురు నా బెంచీలోనే. పోస్టుమాస్టరు కొడుకు ముందు వరసలో.

"గదే చెప్తున్న. సారు బిడ్డ గాడ కూసుంటె బడి మంచిగనే నడుస్తది. ఇప్పుడు గా బడిల సార్ల పిల్లలు లేరు, ఆఫీసరోళ్ల పిల్లలు లేరు. అందరం మా అసొంటోళ్లమే. సార్లు చెడ్డోళ్లు కాదు మేడం, మూడు క్లాసులు ఒక్క సారే చూస్తడు, నడుమల సర్వే డ్యూటీ అని తోలుతరు. బాత్‌రూంకు తాళమేసి ఉంటది. పాపను గాడ్నే ఏద్దామనుకొని, జర తియ్యుండ్రి అని రెండు మూడు మాట్ల పోయి అడిగిన. 'చూద్దాం లేమ్మ' అన్నరు. గింక చూస్తనే ఉన్నరు. అడిగితే పని అయ్యేటోళ్లు ఒక్కరన్న ఉండాలె గదా మేడం, బడిల?"

మరుసటి రోజు నుంచే పాఠం మొదలుపెట్టాను.

మా పనిలో మాక్ ఇంటర్వ్యూ అని ఒకటుంది. అసలు ఇంటర్వ్యూ ఎలా జరుగుతుందో అలాగే ముందుగా ఆడించి చూడటం. దానికి మా దగ్గర ఉన్న మెటీరియల్, అంటే జిరాక్స్ కాగితాల కట్ట, ఉద్యోగాలకు తయారు చేసింది. పిల్లల సీటుకు వేరే మెటీరియల్ అమీర్‌పేటలో కూడా లేదు. దాంతో ఆ కట్టలోని ప్రశ్నల్నే అటూ ఇటూ మార్చి అడిగేదాన్ని. 'మీ బలహీనత ఏమిటి?' అని ఒక ప్రశ్న. మహేశ్ చాలాసేపు ఆలోచించి, "చాయ్, మేడం," అన్నాడు. ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలంటే వాక్యం ముందు 'బేసికల్లీ' లాంటి ఫిల్లర్ వేసుకోమని మేం ఉద్యోగార్థులకు చెబుతాం. మహేశ్‌కు అది తెగ నచ్చింది.

"బేసికల్లీ, మై నేమ్ ఈజ్ మహేశ్," అని మొదలుపెట్టాడు.

"పేరుకు సుత బేసికల్లీ ఏందయ్యా?" అంది లావణ్య. "పైకి ఒకటి, లోపలొకటి రెండు పేర్లున్నయా నీకు?"

"నువ్వు జర ఆగు. మేడం చెప్పింది గట్లనే."

"మేడం ఇజ్జత్ తీసేటట్టున్నవ్."

ఇద్దరూ కష్టపడ్డారు. లావణ్య మిషన్ తొక్కుతూ వాక్యాలు వల్లించుకునేది. మహేశ్ లిఫ్టులో రోగి లేని కుర్చీతో ఒంటరిగా ఉన్నప్పుడు అద్దంలో చూసుకుంటూ మాట్లాడేవాడు. సహస్రను చూసుకునేవాళ్లు లేక వెంట తెచ్చుకునేవారు. ఆ పిల్ల కింద కూర్చుని బొమ్మలు గీసుకుంటూ, అమ్మ ఎక్కడైనా ఆగితే తల ఎత్తకుండానే మాట అందించేది.

ఒకరోజు అసలు ప్రశ్న అడిగాను. మీ పాపను మా స్కూల్లోనే ఎందుకు చేర్పించాలనుకుంటున్నారు? మహేశ్ ఇంగ్లిష్‌లో రెండు సార్లు మొదలుపెట్టి ఆగిపోయాడు. "తెలుగుల చెప్పనా మేడం?" అన్నాడు. చెప్పమన్నాను.

"నేను కుర్చీ తోస్తా మేడం. రోజూ బిల్లింగ్ కాడికెల్లే పోత. గక్కడ లొల్లి రోజూ ఉంటది. బిల్లు ఇంత ఎందుకైంది, పేషెంట్‌ను ఎప్పుడు పంపిస్తరు, ఏమైంది మా నాయినకు అని. అందరిది ఒక్కటే లొల్లి. కానీ ఇంగ్లీషుల లొల్లి పెట్టినోళ్లకు డాక్టర్ బయటికొచ్చి కూసోబెట్టి చెప్తడు. తెలుగుల ఏడ్చినోళ్లకు సెక్యూరిటీ వచ్చి చెప్తడు. నేను ఏండ్ల సంది చూస్తున్న. నా బిడ్డ డాక్టర్ కావాలె, ఇంజినీర్ కావాలె అని నాకేం లేదు. దాని కాడికి సెక్యూరిటీ రావద్దు. గంతే."

ప్లైవుడ్ గోడ అవతల జావా పాఠం నడుస్తోంది. లావణ్య కొంగు సర్దుకుంటూ, "గిది గాడ చెప్పకు," అంది.

చెప్పొద్దనే నేనూ అన్నాను. నా వృత్తే అది. అతని మాటను పక్కన పెట్టించి, పిల్లల సమగ్ర వికాసం, విలువలతో కూడిన విద్య, ఆటపాటలకు సమాన ప్రాధాన్యం అంటూ ఒక నున్నటి ఇంగ్లిష్ వాక్యం రాసిచ్చాను. అటువంటి వాక్యాలు ఆ బడి కరపత్రంలోనే బోలెడు ఉన్నాయి. వాళ్ల సరుకు వాళ్లకే తిరిగి చూపించాలి. ఇన్నేళ్లలో నేను విన్న జవాబుల్లో నిజమైన జవాబు మహేశ్‌ది. నిజమైంది గనుకే అది అక్కడ పనికిరాదు.

ఫిబ్రవరిలో పిలుపు వచ్చింది. ఆ పరీక్షను వాళ్లు ఇంటర్వ్యూ అనరు, 'పేరెంట్ ఇంటరాక్షన్' అంటారు. మధ్యాహ్నానికల్లా ముగ్గురూ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. మహేశ్ ఇస్త్రీ చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయింది.

"మస్తు చెప్పినం మేడం," అంది లావణ్య. "ఈయన బేసికల్లీ ఒక్కటే మాటు వాడిండు. ప్రిన్సిపాల్ మేడం నవ్వింది. ఆఖరుకు ఇంట్ల ఏం భాష మాట్లాడ్తరు అని అడిగింది. ఇంగ్లీషు, తెలుగు రెండు అని చెప్పిన. గంతల్నే పాపను దగ్గరికి పిలిచి, అమ్మ నీతోని ఏం మాట్లాడ్తది అని ఇంగ్లీషుల అడిగింది."

"పాపేమంది?"

లావణ్య నవ్వాలో ఏడవాలో తెలియనట్టు పిల్లవైపు చూసింది. "చెప్పు, మేడంకు సుత చెప్పు."

సహస్ర నిటారుగా నిలబడి, నా క్లాసులో నేర్చుకున్న ఉచ్చారణతోనే చెప్పింది: "తెలుగు ఫర్ మీ, ఇంగ్లిష్ ఫర్ యూ, మేడం."

నేను ఫక్కున నవ్వాను. ప్రిన్సిపాల్ కూడా అక్కడ నవ్విందట. ఎవరూ నేర్పకుండా ఆరేళ్ల పిల్ల కట్టిన వాక్యం. నేను ఆ బడిలో టీచరునైతే ఆ ఒక్క వాక్యానికే పిల్లను ఎత్తుకుని తరగతిలోకి తీసుకెళ్లేదాన్ని.

నాలుగు రోజుల తర్వాత బడి నుంచి లావణ్యకు ఫోన్ వచ్చింది. పాప చురుగ్గానే ఉంది కానీ ఇంటి వాతావరణం తమ స్కూల్‌కు సరిపోదన్నారు. ఆ ముక్క మాత్రం తెలుగులోనే చెప్పారట, స్పష్టంగా అర్థం కావాలని కాబోలు.

ఇంటి వాతావరణం! ఒక గది, ఒక మిషన్, పని చేసుకుంటూ పరాయి భాష వల్లించే తల్లి, అద్దంలో తనతో తాను మాట్లాడుకునే తండ్రి, వాళ్లను చూసి వాక్యం కట్టగలిగిన పిల్ల. చదువుకు ఇంతకంటే మంచి వాతావరణం ఏ ఇంట్లో ఉంటుందో ఆ ప్రిన్సిపాల్ నాకు చూపించాలి.

మర్నాడు లావణ్య ఒక్కతే బడికి వెళ్లింది. కారణం అడుగుదామని. గేటు దగ్గర నిలబెట్టారు. చాలాసేపటికి లోపలికి వదిలితే, ఫ్రంట్ ఆఫీసులో అమ్మాయి కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తకుండా, "జూన్ తర్వాత రా అమ్మా, చూద్దాం," అందట. రెండు ముక్కల్లో పంపేశారు. సర్కారు బడిలో విన్న 'చూద్దాం', పెద్ద బడిలోనూ అదే 'చూద్దాం'.

ఆ ఆదివారం గ్రంథాలయంలో విద్యాహక్కు చట్టం తీసి చదివాను. చూచాయగా తెలుసు, కళ్లతో చూడాలనిపించింది. పదమూడో సెక్షన్. బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలనుగానీ తల్లిదండ్రులనుగానీ ఎటువంటి వడపోతకూ గురిచేయకూడదని నిండు వాక్యంలో ఉంది. ఇంటర్వ్యూ అన్నా, ఇంటరాక్షన్ అన్నా, వడపోత వడపోతే. ఊరంతా ఏటా జరుగుతున్నది చట్టం వద్దన్న పని. జరిపేవాళ్లకు తెలుసు, ఆపవలసినవాళ్లకు తెలుసు. తెలియనిదల్లా బయట లైనులో నిలబడే వాళ్లకే. ఆ పేజీ జిరాక్స్ తీయించి లావణ్య ఇంటికి వెళ్లాను. విద్యాశాఖకు ఫిర్యాదు రాద్దామన్నాను.

ఆమె భయపడింది. "వద్దు మేడం. ఫిర్యాదు చేస్తే సీటు ఇయ్యకపాయె, ఒకవేళ ఇచ్చినా గా పిల్లనే గదా ఆళ్ల చేతుల ఉండేది? మీరు ఒక్కమాటు నాతోని రాండ్రి. వచ్చి మాట్లాడుండ్రి, చాలు."

జిరాక్స్ బ్యాగులో పెట్టుకునే వెళ్లాను. ఆటోలో దారిపొడవునా ఏం అనాలో, సెక్షన్ ఎప్పుడు బయటికి తీయాలో మనసులో వరస పెట్టుకున్నాను.

గేటు దగ్గర గార్డును ఇంగ్లిష్‌లో అడిగాను, ప్రిన్సిపాల్‌ను కలవాలని. నా బట్టలు లావణ్య బట్టల కంటే ఖరీదైనవేమీ కావు. ఆ రోజు నేను వేసుకున్న జాకెట్ కుట్టింది కూడా ఆమే. గార్డు గేటు తీశాడు. లోపల అదే అమ్మాయి. నేను నోరు తెరిచాక తల ఎత్తింది, రెండో వాక్యానికి లేచి నిలబడింది, మూడో వాక్యానికి కుర్చీ వేసింది. గాజు గ్లాసులో మంచినీళ్లు వచ్చాయి.

ఒక్క కుర్చీయే వేసింది.

లావణ్య నా కుర్చీ వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పక్కనే నాలుగు కుర్చీలు ఖాళీ. ఆమెను కూడా కూర్చోమనండి అన్నాను. "ఓ, షీ ఈజ్ విత్ యూ?" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, అప్పుడు రెండో కుర్చీ జరిపింది. మొన్న తన ముందే నిలబడి వెళ్లిన మనిషి. గుర్తు కూడా పట్టలేదు.

పది నిమిషాలు కాకుండానే ప్రిన్సిపాల్ తానే బయటికొచ్చింది. మర్యాదస్తురాలు, మెత్తగా మాట్లాడుతుంది. అంతా ఇంగ్లిష్‌లోనే నడిచింది. ఎక్కడో కమ్యూనికేషన్ గ్యాప్ వచ్చినట్టుంది, మా దగ్గర ఇంటర్వ్యూలు ఉండవు, ఊరికే తల్లిదండ్రులతో ఇంటరాక్షన్ మాత్రమే అంది.

"ఇంటరాక్షన్‌లో ఫెయిలవడం కూడా ఉంటుందా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. నేను ఏం చేస్తుంటానని అడిగింది. ఇంగ్లిష్ టీచర్‌ను అన్నాను. "అలాగా! పాపకు ఇంట్లో మీ సపోర్ట్ ఉంటుందని మాకు చెప్పలేదే," అంటూ లోపలికి వెళ్లి వచ్చి, స్పెషల్ కేస్‌గా పరిగణిస్తున్నామని చెప్పింది. సీటు వచ్చింది. నేను ఆ ఇంటి మనిషిని కాదని చెప్పబోయాను. లావణ్య నా మోచేయి గట్టిగా పట్టుకుంది. ఊరుకున్నాను.

బయటికొచ్చి ఆటో ఎక్కాక ఆమె ముఖం కళకళలాడుతోంది. "ఇంగ్లీషుల కాగితం సంగతి చెప్పిండ్రా మేడం? దానికే భయపడ్డరా?"

"బ్యాగులోంచి తీయనేలేదు."

"మరి ఏం జెప్పిండ్రు?"

"నువ్వు మొన్న అడిగిందే అడిగాను. ఇంగ్లిష్‌లో అడిగాను."

లావణ్య చప్పట్లు కొట్టినంత పని చేసి నవ్వింది. "మా ఆయన చెప్పలే? డాక్టర్ బయటికొచ్చి చెప్తడని! చూసిండ్రా, మీ కాడికి ప్రిన్సిపాలే బయటికొచ్చింది."

ఆమె సంబరం ఆమెది. నాకు మాత్రం పంజాగుట్ట చౌరస్తా దాటాక కూడా కోపం చల్లారలేదు. ఓడిపోయినా ఇంత కోపం వచ్చేది కాదు. పార్లమెంటు చేసిన చట్టం నా బ్యాగులో మడతపెట్టి పడుకుంది. దాని అవసరమే రాలేదు. న్యాయమని ఇవ్వలేదు, పిల్ల తెలివైనదని ఇవ్వలేదు. గట్టిగా అడగగల మనిషి ఒకరు వెనక ఉన్నారనుకుని ఇచ్చారు. నేను వెళ్లి గెలిచి, మహేశ్ చెప్పిన మాట నూటికి నూరుపాళ్లు నిజమని నా చేతులతో నేనే రుజువు చేసి వచ్చాను. నేను వెంట లేని తల్లుల సంగతేమిటి? ఆ రోజు గేటు బయట ఇంకా ముగ్గురు నలుగురు నిలబడే ఉన్నారు.

మాతృభాష గొప్పదనం మీద, సర్కారు బడి మీద నేను గ్రంథాలయంలో ఎన్నో వ్యాసాలు చదివాను. వాటిలో చాలావాటితో ఇప్పటికీ నాకు ఏకీభావమే. కానీ అవి రాసిన పెద్దమనుషులు తల్లిదండ్రులను తిట్టిన తిట్లు నాకిప్పుడు సహించవు. ఇంగ్లిష్ పిచ్చి, ఆడంబరం, పక్కింటివాళ్లను చూసి వాతలు అంటారు. పంజాగుట్ట సందులో జాకెట్లు కుట్టే మనిషికి ఆడంబరమా? ఆమె కొంటున్నది టై, బెల్టు కాదు. రేపు తన కూతురు ఒక కౌంటరు ముందు నిలబడితే అవతలి మనిషి తల ఎత్తి చూస్తాడన్న భరోసా కొంటున్నది. ఈ ఊళ్లో ఆసుపత్రి, బ్యాంకు, ఆఫీసు తెలుగులో అడిగినవాడికి కుర్చీ వేయనంత కాలం, ఆఫీసర్లు, టీచర్లు తమ పిల్లలను ఆ సర్కారు బెంచీల మీద కూర్చోబెట్టనంత కాలం, లావణ్యకు నీతులు చెప్పే హక్కు ఎవరికీ లేదు. నాకూ లేదు.

సహస్ర జూన్‌లో బడిలో చేరింది. జూలైలో ఒక సాయంత్రం క్లాసు తలుపు తీసి చూస్తే వెనక బెంచీలో లావణ్య కూర్చుని ఉంది. ఆ పాటికి ప్రసాద్ గారు పేరెంట్ బ్యాచ్ అని కొత్త బోర్డు కట్టించేశారు. కింద మెట్ల దగ్గర గాలికి ఊగుతోంది. ఆమె దాన్ని చూసి వచ్చిందేమో అనుకున్నాను.

"సీటు వచ్చింది కదా, ఇంకెందుకమ్మా?" అన్నాను.

"పేరెంట్స్ మీటింగ్‌లు ఉంటయంట గదా మేడం. పిల్ల బాత్‌రూం సంగతి, దెబ్బ తాకిన సంగతి నేనే అడగాలె గదా. ప్రతిసారి మిమ్మల్ని తోల్కపోతనా?" అని, కొంచెం ఆగి, "గప్పుడు నాకు మీరడిగితేనే కుర్చీ ఏసిండ్రు. గది నాకు మంచిగ అనిపియ్యలే," అంది.

ఆ మాట ఆమె అప్పటిదాకా నాతో అనలేదు. ఆటోలో చప్పట్లు కొట్టినంతగా నవ్విన రోజున కూడా, ఆ ఖాళీ కుర్చీల్ని ఆమె చూసింది.

నా మెటీరియల్‌లో మొదటి పాఠం 'మీ గురించి చెప్పండి'. ఆ కాగితాన్ని పక్కకు పెట్టాను. బోర్డు మీద, 'నేను కూర్చుని మాట్లాడతాను' అని ఇంగ్లిష్‌లో రాశాను. లావణ్య నిలబడి రెండుసార్లు పలికింది. మొదటిసారి చివర గొంతు పైకి లేచి ప్రార్థనలా వచ్చింది. అడగడం కాదు, చెప్పు అన్నాను. రెండోసారి చెప్పింది. చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇప్పుడు నా ప్రతి బ్యాచ్‌కు మొదటి పాఠం అదే. ఈ పాతికేళ్ల కుర్రవాళ్లంతా అది ఎందుకని అడుగుతారు, నేను లావణ్య కథ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ కోపం కొత్తగా వస్తుంది. కూర్చోవడానికి ఒక మనిషికి వ్యాకరణం కావలసి రావడం ఏమిటి? తెలుగు ఊళ్లో, తెలుగు మనుషుల ముందు, తెలుగువాళ్లు వేసే కుర్చీ కోసం నేను ఫీజు తీసుకుని ఇంగ్లిష్ పాఠం చెబుతున్నాను.